ఎండకి వీపు పెట్టిన ఊరు

కిందటి వారం మాస్టారుని మెట్ల కింద వదిలేసి వచ్చాం. అద్దెకి దిగిన ఇంటి ఫోను ఆయన చేతిలో ఉంది, నోట్లో అల్లుడి ఇంటిపేరు ఉంది, కళ్ళు మాత్రం తేలు కుట్టిన దొంగలా మేడ మీదికి చూస్తున్నాయి. సరస్సు ఒడ్డునున్న విడిదింటికి ఫోను చేసి, వయసులో ఉన్న గొంతు ఒకటి తెచ్చిపెట్టుకుని, మేం రావడం లేదండీ, ఆ గదులు ఇంకెవరికైనా ఇచ్చుకోండి అని చెప్పేసి, పిల్లిలా మెట్లెక్కి వచ్చి పడుకున్నారు.

ఈ వారమే పత్రిక తెరిచినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. మాస్టారంటే బళ్ళో పాఠాలు చెప్పే మాస్టారు కాదు, డ్రైవింగ్ స్కూలు మాస్టారు. ఆయన ఊళ్ళో కారున్న వాళ్ళలో సగంమంది ఆయన పక్కన కూర్చుని చెమటలు కక్కుతూ స్టీరింగు పట్టుకున్నవాళ్ళే. కూతురు కూడా అదే స్కూల్లో నేర్పుతుంది. అల్లుడు ఆస్పత్రి ల్యాబులో పనిచేసే నెమ్మదస్తుడు, నోట్లో నాలుక లేని మనిషి. అతను కూడా ఒకప్పుడు మాస్టారి దగ్గర నేర్చుకున్నవాడే. అన్నీ వచ్చాయి గానీ రివర్సు ఒక పట్టాన రాలేదు. అది ఎవరి కోసం రాకుండా ఉండిపోయిందో పెళ్ళి మాటలప్పుడు గానీ మాస్టారుకి వెలగలేదు. అప్పట్నుంచీ చాటుగా అల్లుణ్ణి 'రివర్సు' అనే అంటారు. ఎదురుగా మాత్రం 'బాబూ' అంటారు.

మాస్టారూ, ఆయన భార్యా, కూతురూ, అల్లుడూ కలిసి సెలవులకి వచ్చారు. రైలు దిగి, స్టేషను పక్కనే కారు అద్దెకి తీసుకుని, ఒక ఊళ్ళో మకాం పెట్టి, రోజూ పొద్దున్నే ఒక పల్లెకో కొండకో తోటకో వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావాలని ఏర్పాటు. మకాం ఎక్కడన్న దగ్గరే పేచీ వచ్చింది. చూడాల్సినవన్నీ సరస్సు చుట్టూ ఉన్నాయి కనక సరస్సు ఒడ్డునే దిగుదామన్నారు పిల్లలు. మాస్టారు పిండిమిల్లు ఊరన్నారు. అదేమో మ్యాపులో తూర్పు అంచున, ఎవరికీ పట్టని చుట్టంలా మూలన పడి ఉంది. వాళ్ళు కారణమడిగితే ఆయన రోడ్లు బావుంటాయన్నారు. కారు అద్దెకిచ్చే చోట, తోలేవాళ్ళుగా ఇద్దరి పేర్లు రాయిద్దామని అల్లుడంటే ఒక్క పేరు చాలన్నారు. "సెలవుల్లో కూడా స్టీరింగేమిటి తల్లీ, హాయిగా వెనక కూర్చో" అని కూతురి నోరు తీపి మాటతో కట్టేశారు.

అసలు సంగతి మీకు తెలుసు, వాళ్ళకే తెలియదు. మాస్టారి కంటి నరం ఎండిపోతోంది. ఒక పక్క చూపు ఇంచుమించు పోయినట్టే. ఎదురు వెలుతురు పడితే రెండో కన్ను కూడా తెల్లగా అలుక్కుపోతుంది. ఇంక బండి తోలొద్దని కళ్ళ డాక్టరు మెత్తగానే చెప్పాడు. ఆ మాట ఆయన గడప దాటి ఇంట్లోకి తీసుకురాలేదు. మూడు ప్రయాణాలు నెట్టుకొచ్చేశారు కూడా. ఇంతలో మొన్న, ఎన్నడూ ఏదీ అడగని అల్లుడు మకాం మార్చాల్సిందేనని మొండికేశాడు. సరస్సు ఇంట్లో గదులు కూడా చెప్పేశాడు. దాంతో మాస్టారు మెట్లు దిగి ఆ ఫోను చేశారు.

ఇక ఆ మర్నాటి పొద్దు.

అందరికంటే ముందు సామాను సర్దుకున్నది మాస్టారి భార్య. ఆవిడకి ఈ ఊరు దిగిన పూట నుంచీ గిట్టలేదు. దువ్వెనలో పిండి, టీ కప్పులో పిండి, కళ్ళజోడు పెట్టెలో కూడా పిండి. వెళ్ళేముందు ఒంటిమీది బట్టలు దులుపుకుంటే ఇద్దరికి రొట్టెలవుతాయని నవ్వుతూ, పెట్టె మూత తడిగుడ్డతో తుడుస్తోంది. మాస్టారు మంచం అంచున కూర్చుని బూటు తాళ్ళు కట్టుకుని, విప్పి, మళ్ళీ కట్టుకుంటున్నారు. ఇంకాసేపట్లో ఏం జరగబోతోందో ఆ గదిలో ఆయన ఒక్కరికే తెలుసు.

కూతురు వరండాలో నిలబడి సరస్సు ఇంటికి ఫోను చేసింది, ఎన్నింటికి రమ్మంటారో కనుక్కుందామని. ఆమె మాటలు లోపలికి వినపడుతున్నాయి. మొదట నవ్వు వినపడింది, తర్వాత "ఎవరు?" అన్న మాట. ఫోను పెట్టేసి వచ్చి మొగుడి ముందు నిలబడింది. అక్కడ పనిచేసే అమ్మాయి చెప్పిందట: నిన్న మీ ఆయనే ఫోను చేసి రావట్లేదన్నారు, ఆ గదులు అప్పుడే వేరేవాళ్ళకి ఇచ్చేశాం అని.

అల్లుడు తను చెయ్యలేదన్నాడు. ఆమె మళ్ళీ అడిగితే మళ్ళీ అదే అన్నాడు. వాళ్ళ కాపురంలో అతను అబద్ధమాడిన సందర్భం ఒక్కటీ లేదు గనక ఆమెకి ముందు అయోమయమే కలిగింది, కోపం తర్వాత వచ్చింది. ఇంటిపేరుతో సహా చెప్పారంటున్నారు కదా, ఈ చుట్టుపక్కల ఆ ఇంటిపేరు ఇంకెవరికి తెలుసని నిలదీసింది. పట్టుబట్టిందీ మీరే, మానుకున్నదీ మీరే, మధ్యలో అమ్మ చేత పెట్టె సర్దించడమెందుకంది. అతను చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు చొక్కా గుండీ తిప్పుకుంటూ నిలబడ్డాడు.

మాస్టారు ఇక్కడ నోరు తెరవాలి. 'నేనే చేశాను' అంటే అయిపోయేది. ఆయన నోరు తెరిచారు కూడా. బయటికి వచ్చింది మాత్రం వేరే.

"పోనీలేమ్మా, ఏదో పరధ్యానంలో చేసుంటాడు. సవాలక్ష ఆలోచనల్లో ఉంటాడు పాపం. గట్టిగా అడక్కు."

మాట జారిపోయింది. తను కొట్టేసిన సొమ్ము పక్కవాడి జేబులో పెట్టి, పైగా వాడి మీద జాలి కురిపించినట్టయింది. అల్లుడు తలెత్తి ఆయన వంక చూశాడు. ఆ చూపులో కోపం కనపడితే మాస్టారు ఏదో ఒకటి అని తప్పించుకునేవారు. కోపం లేదు. ఏదో లెక్క తేలినవాడిలా ఒక్క క్షణం చూసి, కాస్త తిరిగొస్తానని భార్యతో చెప్పి, గుమ్మం దాటి వెళ్ళిపోయాడు. టీ కూడా తాగలేదని అత్తగారు వెనకాల కేకేసింది. అప్పటికే పక్కనున్న పిండిమిల్లు మొదలైంది. అది మొదలైతే ఆ ఇంట్లో ఏ మాటా, ఏ చప్పుడూ వినపడవు.

సర్దిన పెట్టెలు సర్దినట్టే ఉన్నాయి. మధ్యాహ్నం భోజనానికి ముగ్గురే కూర్చున్నారు. మాస్టారు గుడ్డు ముక్కని పళ్ళెంలో ఈ మూల నుంచి ఆ మూలకి తోశారు. ఆయనకి సిగ్గుగా ఉంది. పైకి చెప్పుకునే మర్యాద సిగ్గు కాదు అది, చెవులు వేడెక్కి, తిన్నది మింగుడు పడక, భార్య మంచినీళ్ళ గ్లాసు అందిస్తే కళ్ళెత్తి తీసుకోలేని సిగ్గు. పాఠానికి వచ్చినవాళ్ళకి ఆయన చెప్పే మాట ఒకటుంది. తప్పు జరిగిందని తెలియగానే ముందు బ్రేకు తొక్కు, సంజాయిషీ తర్వాత చెప్పుకోవచ్చు అని. తనేమో పొద్దున్నుంచీ యాక్సిలరేటరు మీంచి కాలు తియ్యలేదు. అల్లుడు తిరిగి రాగానే పక్కకి పిలిచి చెప్పేద్దామనుకున్నారు. ఏం చెప్పాలో కూడబలుక్కోబోతే, ఫోను ఎందుకు చేశావన్న ప్రశ్న అడ్డం వచ్చింది. దానికి జవాబు చెబితే కళ్ళ సంగతి చెప్పాలి. కళ్ళ సంగతి చెబితే ఆయన దగ్గర ఇంక మిగిలేదేమీ లేదు. అందుకని వెనక గదిలోకి వెళ్ళి, నిద్ర వస్తోందని చెప్పి, కుర్చీలో కళ్ళు తెరుచుకునే కూర్చున్నారు.

కాసేపటికి కూతురు వచ్చింది. చంకలో మ్యాపు ఉంది. మంచం మీద ఆయనకెదురుగా కూర్చుని, సరస్సు ఇంటికి మళ్ళీ ఫోను చేశానంది. పోయిన గదులు పోయాయి, ఒక్క గదైనా ఉంటే ఇమ్మని బతిమాలుకుందామని చేసిందట. ఈసారి ఇంటి యజమానురాలే తీసిందట. నిన్న ఫోను అందుకున్నది ఆవిడేనట.

"ఆవిడ ఒకటే నవ్వు నాన్నా. మీవారికి ఎంత జాగ్రత్తండీ అంది. రావట్లేదని చెప్పేశాక కూడా ఫోను పెట్టకుండా, మీ గేటు ముందు మలుపులో ఎదురొచ్చే బండి కనపడదు, అక్కడ గుండ్రటి అద్దం ఒకటి పెట్టించండి అని పాఠం చెప్పారంది."

మాస్టారు ఆ మాట నిజంగానే అన్నారు. మొదటిరోజు ఆ గేటు ముందునుంచి వెళ్ళినప్పుడే ఆయనకి ఆ మలుపు కంట్లో నలుసైంది. గొంతు మార్చుకున్నారు, పేరు మార్చుకున్నారు, మలుపు గుర్తొస్తే ఊరుకోలేని నోటిని మాత్రం మార్చుకోలేకపోయారు.

"మా ఆయనకి ఏ మలుపులో అద్దం ఉందో ఎక్కడ తెలుస్తుంది?" అంది కూతురు. "ఆయన ఏ మలుపులోనైనా నావంకే చూస్తూ కూర్చుంటారు."

మాస్టారు నీళ్ళు నమిలారు. సరస్సు దగ్గర చెమ్మ అన్నారు, మీ అమ్మ మోకాళ్ళకి పడదన్నారు. అమ్మ మోకాళ్ళకి ఈ మెట్లు మాత్రం పడుతున్నాయా అని కూతురు అడగలేదు. అలా అడిగి ఉంటే ఆయన వాదించేవారే, వాదనలో ఆయనకి ఊపిరి ఆడుతుంది. ఆమె మ్యాపు విప్పి మంచం మీద పరిచింది.

"పెట్రోలు తగలెయ్యకండని పిల్లలకి రోజూ చెప్పేవాడివి, మకాం మధ్యలో పెట్టకుండా ఈ మూలకి ఎందుకొచ్చావా అని పొద్దున్నుంచీ ఆలోచిస్తున్నా" అంది. "చూడు. పల్లెకి వెళ్ళినా, కొండకి వెళ్ళినా, తోటకి వెళ్ళినా పొద్దున్న పడమరకే వెళ్ళాం. సాయంత్రం తూర్పుకే తిరిగొచ్చాం. తోట చూడ్డం తొందరగా అయిపోతే, పొద్దు పడమరకి వాలేదాకా నువ్వు బండి తియ్యలేదు. చల్లబడ్డాక వెళ్దామన్నావు. ఆ పూట చల్లగానే ఉంది నాన్నా, అమ్మ శాలువా కప్పుకుంది."

ఆమె వేలు మ్యాపు మీద అటూ ఇటూ నడుస్తుంటే మాస్టారు దాన్నే చూస్తున్నారు. ఎవరికీ కనపడదనుకుని దాచుకున్నది, పరుపు మీద పరిచి చూపిస్తుంటే ఎటూ కదల్లేకపోయారు.

"వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ ఎండ నీ వీపుకే ఉంది. నీ ముఖాన ఎండ పడకుండా ఉండే ఊరు వెతుక్కున్నావు. సరస్సు దగ్గర దిగితే ఏదో ఒక పూట ఎండకి ఎదురెళ్ళాలి."

"అది మంచి డ్రైవరు లక్షణం" అన్నారు మాస్టారు. అదే మాట క్లాసులో అయితే ఆయన గొంతు గంటలా మోగేది.

"అవును. అయితే ఒక్కసారి పెరట్లోకి రా."

ఆయనకి అర్థమైంది. వాళ్ళ స్కూల్లో ఒక పద్ధతి ఉంది, పెట్టింది ఆయనే. ఎంతటివాడు వచ్చినా మొదటిరోజు తాళం చెవి ఇవ్వరు. గుమ్మంలో నిలబెట్టి, రోడ్డుకి అవతల ఆగి ఉన్న బండి నంబరు చదవమంటారు. చదివితేనే స్టీరింగు, చదవలేకపోతే కళ్ళ డాక్టరు. ఒకసారి పెద్ద బ్యాంకు మేనేజరు ఒకాయన తడుముకుంటే, మీకు బ్యాంకులో అప్పులిచ్చే అధికారం ఉంది గానీ ఇక్కడ తాళమిచ్చే అధికారం నాదండీ అని పంపించేశారు. ఊరంతా ఆ కథ చెప్పుకుని నవ్వింది. కూతురు కూడా అలా నిలబడి చదివిందే. ఇప్పుడామె ముందు నడుస్తోంది, ఆయన వెనక నడుస్తున్నారు.

పెరడంటే సిమెంటు నేల, బట్టలారేసే తీగ, చివర మిల్లు గోడ. గోడ పక్కనే కారు ఆగి ఉంటుంది. పొద్దు పడమరకి వాలి సూటిగా ముఖాన కొడుతోంది. వెనక మెట్టు మీద నిలబెట్టి, ఆ గోడ పక్కనున్న కారు నంబరు చదవమంది కూతురు.

మాస్టారు చూశారు. తెల్లటి వెలుగులో తెల్లటి ఆకారం, దాని కింద ఎవరో బొటనవేలితో రుద్దినట్టు నల్లటి మరక. అంతకుమించి ఏమీ లేదు. అయినా ఆయన గుండె కుదుటపడింది. అద్దె కాగితం మీద సంతకం పెట్టేముందు ఆ నంబరు స్వయంగా చూసుకున్నారు, రోజూ తాళం తీసేముందు ఒకసారి మనసులో అనుకుంటారు. గొంతు సవరించుకుని, క్లాసులో చెప్పినట్టు, అక్షరం అక్షరం, అంకె అంకె, పొల్లుపోకుండా అప్పజెప్పారు. అప్పజెప్పి, ఇంతేనా నీ పరీక్ష అన్నట్టు కూతురి వైపు తిరిగారు.

కాసేపటికి ఆమె చెయ్యి వచ్చి ఆయన మోచేతిని పట్టుకుంది, పెద్దవాళ్ళని మెట్టు దింపేటప్పుడు పట్టుకుంటామే, అలా.

"అది మన కారు కాదు నాన్నా. మిల్లు మేనేజరుది. మన కారు వేసుకుని మా ఆయన పొద్దున్నే వెళ్ళిపోయారు."

మాస్టారుకి తల కొట్టేసినట్టయింది. కనపడక తప్పు చదవడం వేరు, ఇది వేరు. ఆయన చూడకుండా చదివారు, చూసినట్టు చదివారు, కన్నకూతురి ముఖం మీదే చదివారు. స్కూల్లో ఇలాంటి పని చేసినవాడు దొరికితే మళ్ళీ గుమ్మం తొక్కనిచ్చేవారు కాదు. మెట్టు మీద కూలబడి, అప్పుడు చెప్పారు అంతా. డాక్టరు మాట చెప్పారు, ఊరి ఎంపిక చెప్పారు, మెట్ల కింద ఫోను చెప్పారు. చెబుతున్నంతసేపూ ఆమె ముఖం చూడలేదు, ఆరేసిన తువ్వాలు వంక చూస్తూ చెప్పారు.

కూతురు ఒక్కటే అడిగింది, స్కూల్లో పిల్లల పక్కన ఇన్నాళ్ళూ ఎలా కూర్చున్నావని. నేర్పే కారులో మాస్టారి సీటు ముందు ఇంకో బ్రేకు ఉంటుంది కదా, దాని సంగతి చెప్పారాయన. నా కాలి కింద బ్రేకు ఉంటుందిగా అన్నారు.

"కాలికి కళ్ళుండవు నాన్నా" అంది. "నీకేనా సిగ్గు? నేర్పేదాన్ని అయ్యుండి, తోలేది మా నాన్నే కదా అని వెనక సీట్లో గుర్రుపెట్టి నిద్రపోయాను. ఎందుకు పడమరకే వెళ్తున్నామని ఒక్కరోజు అడగలేదు. పైగా పొద్దున్న మా ఆయన్ని దొంగని నిలబెట్టినట్టు నిలబెట్టాను."

వంటగది గుమ్మంలో మాస్టారి భార్య నిలబడి ఉంది. ఎప్పట్నుంచి ఉందో తెలియదు, చేతిలో తడిగుడ్డ నీళ్ళు కారి కాళ్ళ దగ్గర మడుగైంది. ఏడుస్తుందేమో అనుకున్నారాయన. ఆవిడ ఏడవలేదు.

"ఏమండీ, ముందు అబ్బాయికి ఫోను చెయ్యండి" అంది. "పొద్దున్ననగా ఏమీ తినకుండా వెళ్ళాడు. మన సంగతి తర్వాత మాట్లాడుకుందాం."

ఆ 'తర్వాత' అన్న మాట ఎలా ఉంటుందో మాస్టారుకి తెలుసు. కానీ దానికంటే ముందు గండం ఇది. జేబులోంచి ఫోను తీస్తే తెర మీద ఎండపడి ఏమీ కనపడలేదు. కూతురు తీసుకుని పేరు వెతికి నొక్కి ఇచ్చింది. నువ్వే చెప్పాలి, నేను చెబితే కుదరదంది. ఆయన ఫోను మామూలుగా మాట్లాడినా పక్కింటివాళ్ళకి వినపడే రకం. మిల్లు కూడా అప్పుడే ఆగింది.

"మాస్టారూ" అన్నాడు అల్లుడు. పెళ్ళయినా అతనికి ఆ పిలుపు మారలేదు.

"బాబూ, నిన్న ఆ ఫోను..."

"తెలుసండీ. పొద్దున్న మీరు నా తరఫున మాట్లాడినప్పుడే అర్థమైంది. మీరేం చెప్పకండి. నేనే చేశానని తనతో ఒప్పేసుకుంటా. రెండు రోజులు మాట్లాడదు, అంతేగా. తన ముందు మీరు చిన్నబోవడం నేను చూడలేను."

కూతురు గోడకి ఆనుకుని నిలబడి చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాస్టారుకి ఆ క్షణంలో భూమి చీలితే అందులోకి దిగిపోదామనిపించింది. నలుగురిలో తిట్టి ఉంటే భరించేవారు. తను నిందవేసిన మనిషి ఆ నిందని పైగుడ్డలా తీసి తన భుజాన వేసుకుంటానంటుంటే ఎలా భరించాలో తెలియలేదు. ఇన్నాళ్ళూ ఆ మనిషిని రివర్సు అని పిలుచుకుని నవ్వుకున్నారు.

"అది ఇక్కడే ఉంది బాబూ. అంతా చెప్పేశాను. నా కళ్ళ సంగతి కూడా."

అవతల గాలి చప్పుడు వినపడుతోంది. ఏదో ఆరుబయట ఉన్నట్టున్నాడు. అల్లుడు మెల్లగా అన్నాడు, కళ్ళ సంగతి తనకి కొండ నుంచి తిరిగొచ్చిన రోజే తెలిసిందని.

అతను చెప్పింది ఇది. ఆ సాయంత్రం పొలాల మధ్య ఇరుకు దారిలో వస్తుంటే, ముందు సైకిలు మీద ఒకాయన పోతున్నాడు. మాస్టారికి చూపు లేని పక్కనే. కారు వేగం తగ్గలేదు, పక్కకి జరగలేదు, హారన్ మోగలేదు. సైకిలాయన తప్పుకోబోయి గట్టు మీంచి కాలవలోకి పడిపోయాడు. కారు తగల్లేదు, కాబట్టి చప్పుడు కూడా రాలేదు. ముందు సీట్లో అత్తగారు నిద్రపోతోంది, వెనక భార్య అతని భుజం మీద తలపెట్టి నిద్రపోతోంది. చూసినవాడు అతనొక్కడే. ఆపమనే మాట గొంతుదాకా వచ్చింది. బండి నేర్పిన మనిషితో 'మీరు చూడలేదు' అని ఎలా అనాలో తెలియక మింగేశాడు. వెనక అద్దంలోంచి తిరిగి చూస్తే సైకిలాయన లేచినట్టే అనిపించింది, లేచాడనే అనుకున్నాడు. సరస్సు ఒడ్డునైతే అన్నీ నడిచి వెళ్ళే చోట్లు, పడవ ఉంది, ఇంక కారు తీసే పనే ఉండదని, అందుకే మకాం మార్చాలని పట్టుబట్టాడు.

"మకాం మారిస్తే సరిపోతుందనుకున్నా మాస్టారూ. ఆ మనిషి ఏమయ్యాడో కనుక్కోవాలని నాకు ఇవాళ్టిదాకా తోచలేదు. మీరు చేసింది ఒక ఫోను. నేను చేసింది ఇది."

మాస్టారు ఆ దారిని గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించారు. ఎండ వీపుకి ఉంది. దారి ఖాళీగా ఉంది. ఖాళీ దారి, చక్కటి ప్రయాణం అనుకుంటూ ఆ సాయంత్రం చిన్నగా ఈల కూడా వేశారు.

"ఎలా ఉన్నాడు?" అన్నారు.

"తుంటి విరిగింది. మంచం మీద ఉన్నాడు. ఇల్లు వెతుక్కుని వచ్చాను, వాళ్ళ వాకిట్లోనే ఉన్నా. కారు ఎవరు తోలారని వాళ్ళావిడ అడుగుతోంది. నేనే అని చెబుదామని నోరు తెరిచేసరికి మీ ఫోను వచ్చింది."

కూతురు ఒక్క అడుగు ముందుకి వేసింది. మాస్టారి భార్య గుమ్మం పట్టుకుంది. ముగ్గురికీ ఒకటే తెలుసు. ఇది బయటపడితే స్కూలు బోర్డు మీది మాస్టారి పేరు కింద మళ్ళీ ఎవరూ తాళం చెవి అడగరు. అల్లుడు ఒక్కమాట అనేస్తే అన్నీ ఎక్కడివక్కడ ఉంటాయి. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, మాస్టారు ఆ మాట వినడానికి ఆగారు. ఆగానని తెలిసి ఆయనకి తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఆవిడకి ఫోను ఇవ్వు."

"వద్దు మాస్టారూ. నా మాట వినండి."

"ఇవ్వు బాబూ."

ఫోను చేతులు మారిన చప్పుడైంది. ఎవరండీ అని ఒక ఆడగొంతు అడిగింది. అలిసిపోయిన గొంతు.

"ఆ కారు తోలింది నేనేనమ్మా" అన్నారు మాస్టారు.

లోపల ఎవరో పక్కకి ఒత్తిగిలలేక మూలుగుతున్నది వినిపించింది. శాపనార్థాలు పెడుతుందనుకుని ఆయన కళ్ళు మూసుకున్నారు. ఆవిడ తిట్టలేదు. ఎంత ఆలోచించినా అంతుపట్టని సంగతి అడిగినట్టు అడిగింది.

"అంత వెలుతురులో, అంత ఖాళీ దారిలో, ఎదురుగా మనిషి కనపడలేదా అండీ? అసలు మీకు బండి నేర్పిందెవరు?"

మాస్టారు ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నారు. తనకి ఇమ్మని కూతురు చెయ్యి చాచింది. ఆయన ఇవ్వలేదు.